పాడా... పహాడా?

సారపాక సెంటర్లో ఐదుగురు మిత్రులు, ఐదు టీలు, ఒక ఊరి పేరు

"అన్నా, బూర్గంపహాడ్‌కు ఎటు పోవాలె?"

బైకు ఆపి, హెల్మెట్ తియ్యకుండానే అడిగాడు కుర్రాడు. చేతిలో ఫోను, ఫోన్లో మ్యాపు. సారపాక సెంటర్లో టీ కొట్టు ముందు బల్ల మీద ఉన్న మేం ఐదుగురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. మాలో లారీ నడిపే మిత్రుడికి ఊళ్ల పేర్ల విషయంలో పట్టింపు ఎక్కువ. ముందు అతనే అందుకున్నాడు.

"పహాడ్ గిహాడ్ ఏం లేదు తమ్మీ. బూర్గంపాడు అని అడుగు, చంటిపిల్లగాడైనా దారి చూపిస్తడు."

"బోర్డు మీద, ఫోన్లో పహాడ్ అనే ఉందన్నా."

"బోర్డుకేం తెలుసు? నోరు లేదు దానికి."

కుర్రాడు నవ్వి వెళ్లిపోయాడు. మా ఆదివారం మాత్రం అక్కడే మొదలైంది. వారానికో పొద్దున ఇలా కలవడం మాకు ఏళ్లనాటి అలవాటు. ఒకాయన పేపరు మిల్లులో రిటైరయ్యాడు. ఒకాయన సుబాబుల్ కర్ర తోలే లారీ డ్రైవరు. ఒకాయన బడిలో మాస్టారు, కోయ ఇంటి బిడ్డ. ఇంకొకాయన గోదారి అవతలి గట్టు, భద్రాచలం మనిషి. సారపాక పిల్లను చేసుకున్నాడు కాబట్టి ఊరందరికీ 'బావ'. ఐదోవాణ్ని నేను. కబుర్లు ఎక్కడ మొదలైనా చివరికి ఎవరు ఏ మాట ఎట్లా పలికారన్న దగ్గరికే చేరతాయి. బయటివాళ్లకు అది కాలక్షేపంగా కనిపించవచ్చు. నాకు మాత్రం మా ప్రాంతం చరిత్ర అంతా ఆ బల్ల మీదే దొరికింది.

బూర్గంపాడు మా మండల కేంద్రం. ప్రభుత్వ కాగితాల్లో ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటే బూర్గంపహాడ్ అవుతుంది. ఉర్దూలో పహాడ్ అంటే కొండ. తెలుగులో ఊరి పేరు చివర వచ్చే 'పాడు' అంటే ఊరు. పక్కనే వేలేరుపాడు ఉంది, దాన్నెవరూ వేలేరుపహాడ్ అనలేదు. "బూరుగు చెట్లున్న పాడు కాబట్టి బూర్గంపాడు. దఫ్తర్లో ఉర్దూ రాసే గుమాస్తా చెవికి పాడు పహాడ్‌లాగా వినపడి ఉంటది" అన్నాడు మిల్లు పెద్దాయన. ఆయన ఊహను కొట్టిపారేయలేం. ఈ గట్టున దఫ్తరు భాష ఉర్దూగా ఉన్న రోజులు నిజంగానే ఉన్నాయి మరి.

కొంచెం వెనక్కి వెళ్తే, 1860లో నిజాం ప్రభువు గోదావరి అవతలి భద్రాచలం, రేకపల్లి తాలూకాలను ఇంగ్లీషువాళ్లకు ఇచ్చేశాడు. 1874లో అవి మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాలో కలిశాయి. ఇవతలి గట్టు సారపాక, బూర్గంపాడు మాత్రం నిజాం ఇలాకాలోనే ఉండిపోయాయి. అంటే సారపాక రేవులో నిలబడి చూస్తే కనిపించే రాముడి గుడి గోపురం, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడేదాకా, వేరే ఇలాకాలో ఉన్నట్టు. నిజాం రోజుల్లో ఇవతల నిజాం హాలీ సిక్కా చెల్లేది, అవతల ఇంగ్లీషువాళ్ల కల్దార్ రూపాయి. ఒకే రాష్ట్రంలోకి వచ్చాక కూడా భద్రాచలం మూడేళ్ల పాటు తూర్పు గోదావరి జిల్లాలోనే ఉండి, 1959లో ఖమ్మం జిల్లాలో కలిసింది. రెండు గట్లనూ కలుపుతూ వంతెన వచ్చింది 1965లో. అప్పటిదాకా పడవే దారి.

ఈ సంగతి తెలిస్తే మా బల్ల మీద జరిగే సగం గొడవలు అర్థమవుతాయి. బావ 'ఆస్పత్రి' అంటాడు, లారీ మిత్రుడు 'దవాఖాన' అంటాడు. బావకు ఇల్లు 'అద్దె'కు కావాలి, మాకు 'కిరాయి'కి కావాలి. బావ ఇంట్లో ఆనపకాయ పులుసు, మా ఇంట్లో సోరకాయ పులుసు. కాయ ఒకే సంతలో కొన్నదే. బావ వాళ్ల తాతలు రాజమండ్రి వైపు నుంచి లాంచీ ఎక్కి గోదారికి ఎదురెక్కి వచ్చారు. ఆయన మాటలో ఆ ఊగు ఇప్పటికీ ఉంది. పెళ్లై పాతికేళ్లయినా 'ఏందిరా' అనడం రాలేదు, 'ఏంట్రా' దగ్గరే ఆగిపోయాడు.

ఆ ఒక్క 'ద'కూ 'ట'కూ మధ్య ఒక సరిహద్దు ఉంది. దాన్ని ఏ పటమూ చూపించదు.

పేరొకచోట, ఊరొకచోట

టీ రెండో విడత వచ్చేసరికి మాట ఊళ్ల మీదికి మళ్లింది. "హైదరాబాద్ నుంచి మా తోడల్లుడు రైల్లో వచ్చాడు. భద్రాచలం రోడ్ స్టేషన్లో దిగి, గుడికి నడిచి వస్తానన్నాడండి" అన్నాడు బావ. అందరం నవ్వాం. భద్రాచలం రోడ్ స్టేషన్ ఉన్నది కొత్తగూడెంలో. అక్కణ్నుంచి భద్రాచలం నలభై కిలోమీటర్లు. రైల్వేవాళ్లు స్టేషన్ పేరు చివర 'రోడ్' అని పెడితే, ఆ ఊరికి ఇక్కడ దిగి రోడ్డు మీద వెళ్లాలని అర్థం.

అక్కణ్నుంచి లెక్క పెట్టడం మొదలుపెట్టాం. కొత్తగూడెం థర్మల్ పవర్ స్టేషన్ ఉన్నది పాల్వంచలో. మణుగూరు భారజల కర్మాగారం ఉన్నది అశ్వాపురంలో. భద్రాద్రి థర్మల్ పవర్ స్టేషన్ మణుగూరు దగ్గర. భద్రాచలం పేపరు మిల్లు అని దేశమంతా పిలిచేది మా సారపాకలో. ఎవరి పేరు వాళ్ల దగ్గర లేదు, అందరి పేర్లూ పక్కింట్లో కాపురం చేస్తున్నాయి. 2016లో జిల్లా విడిపోయినప్పుడు కొత్త జిల్లాకు పెట్టిన పేరులో భద్రాద్రి, కొత్తగూడెం రెండూ ఉన్నాయి.

పాల్వంచను మా నోళ్లు ఏనాడూ పాల్వంచ అనలేదు. పాలోంచ అంటాం. కంచెర్ల గోపన్న, అంటే మన రామదాసు, తహసీల్దారుగా పనిచేసింది ఆ పరగణాకే. ఆయన్ను చెరసాలలో పెట్టిన గోల్కొండ నవాబును మనం తానీషా అంటాం. ఆయన అసలు పేరు అబుల్ హసన్ కుతుబ్‌షా, బిరుదు తానా షా. తెలుగు నోరు ఆ 'నా'ను 'నీ' చేసి తన వాణ్ని చేసుకుంది. హరికథల్లో, సినిమాల్లో, అమ్మమ్మల కథల్లో ఆయన తానీషాయే. హిందీలో తానాషాహీ అంటే నియంతృత్వం. మన దగ్గర తానీషా అంటే రామలక్ష్మణుల దర్శనం దొరికిన అదృష్టవంతుడు. ఒక్క అచ్చు మారితే మనిషి బతుకే మారిపోయింది.

సారపాక పేరు సంగతి కూడా ఆ పూటే వచ్చింది. కొత్తవాళ్లు 'సారా పాక' అని విడదీసి నవ్వుకుంటారు. ఇప్పపువ్వు దొరికే అడవి కాబట్టి నప్పిందనుకుంటారు. మిల్లు పెద్దాయనకు ఆ మాట వింటే కోపం. "మన గోదారి చుట్టూ ఎన్ని పాకలున్నయో చూడండి. సారపాక, ఎటపాక, నెల్లిపాక. అన్నిట్లో సారా కాశారా?" ఎటపాకను భద్రాచలంలో జటాయుపాక అని కూడా అంటారు. రావణుడితో పోరాడి జటాయువు పడిపోయింది అక్కడేనని నమ్మకం. జటాయుపాక అనగా అనగా ఎటపాక అయిందట. ఇంకొంచెం పైకి, దుమ్ముగూడెం మండలంలో పర్ణశాల ఉంది. పర్ణశాల అంటే మాత్రం ఏమిటి, సంస్కృతంలో చెప్పిన ఆకుల పాకే.

"ఎటపాక ఎటు పోయింది బావా?" అని లారీ మిత్రుడు అప్పుడప్పుడు అడుగుతుంటాడు. అది నవ్వుతూ అడిగే మాటే గాని, బావ నవ్వడు. 2014లో పోలవరం ముంపు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపినప్పుడు ఎటపాక అటు వెళ్లింది, భద్రాచలం పట్నం తెలంగాణలో ఉండిపోయింది. బూర్గంపాడు మండలంలోవి కొన్ని ఊళ్లూ అటే వెళ్లాయి. రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న బావ మేనత్త వేరే రాష్ట్రంలో ఉంది. గోదారి ఒకప్పుడు సరిహద్దుగా ఉండి మానేసింది, ఇప్పుడు గోదారి దాటాక సరిహద్దు వచ్చింది.

ఒత్తు లేకపోతే తప్పా?

నాకు బాగా పట్టింపున్న విషయం ఇది. అందుకే ఇక్కడ కొంచెం ఎక్కువసేపు కూర్చుంటాను.

సెంటర్లో ఆటోవాళ్లు "బద్రాచలం, బద్రాచలం" అని పిలుస్తారు. 'భ' ఎవరి నోటా రాదు. పట్నం నుంచి వచ్చిన చుట్టాలు ముసిముసిగా నవ్వుతారు. వాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. అచ్చ తెలుగు మాటల్లో ఒత్తక్షరాలు దాదాపు లేనే లేవు. అమ్మ, నాన్న, కూడు, నీరు, కొండ, అడవి, ఏరు... వెతకండి. ఖ, ఘ, ఛ, ధ, భ మనకు ప్రధానంగా సంస్కృతంతో వచ్చాయి. ఆటో డ్రైవరు 'బద్రాచలం' అన్నప్పుడు అతను చదువు లేక అంటున్నాడనుకోవద్దు. అతని నాలుక తెలుగు నాలుక, అంతే. అదే నాలుక ఖమ్మం అనమంటే కమ్మం అంటుంది. స్తంభాద్రి కొండ పేరు మీదుగా స్తంభం కంబమై, ఖమ్మమై వచ్చిందని చెబుతారు. అదే నిజమైతే మధ్యలో 'ఖ' ఒత్తు రాతలో వచ్చి చేరింది, నోరు దాన్ని మళ్లీ తీసి పక్కన పెట్టింది.

ఇక 'చ' సంగతి. మాస్టారు ఒక ఆట ఆడించాడు. "చలికాలంలో భద్రాచలం" అని అందరం వరసగా అనాలి. అని చూడండి, మీరూ. చలిలో 'చ' అన్నప్పుడు నాలుక పళ్ల వెనక తగులుతుంది. భద్రాచలంలో 'చ' అన్నప్పుడు పైన అంగిలికి తగులుతుంది. అక్షరం ఒకటే, శబ్దాలు రెండు. రాముడి చేతిలో ఉన్నది చాపం, మనం కింద పరుచుకునేది చాప. రెండింటికీ ఒకటే 'చా' రాస్తాం గాని, కలిపి పలికితే చెవి ఒప్పుకోదు. 1858 నాటి బాలవ్యాకరణంలో చిన్నయసూరి వీటిని దంత్యం, తాలవ్యం అని విడదీసి చెప్పాడు. బ్రౌన్ దొర నిఘంటువులోనూ ఈ తేడా చూపించాడు. వీటి కోసం ౘ, ౙ అని వేరే అక్షరాలే ఉండేవి. అచ్చులో అవి దాదాపు మాయమైనా, 2008లో కంప్యూటరు అక్షరాల పట్టికలో చేర్చారు. బడిలో ఎవరూ నేర్పకపోయినా ఐదేళ్ల పిల్ల చలిని, చాపాన్ని తప్పు లేకుండా పలుకుతుంది. బయటి రాష్ట్రం నుంచి వచ్చి మూడేళ్లు తెలుగు నేర్చుకున్న ఇంజనీరు కూడా ఇక్కడే దొరికిపోతాడు.

కల్యాణమా, కళ్యాణమా అన్నది మా బల్ల మీద ఎప్పటికీ తెగని పంచాయితీ. మూలం సంస్కృతంలో ఉన్నది 'ల'. తెలుగువాళ్లకు 'ళ' మీద ప్రేమ. శ్రీరామనవమికి మిథిలా స్టేడియంలో జరిగేది ఏదైనా, అక్షింతలు పడేది ఆ సీతారాముల మీదే. అన్నట్టు తలంబ్రాలు అంటే తల మీద పోసే ప్రాలు. ప్రాలు అంటే బియ్యం. ఇంట్లో ఆ మాట వాడటం మానేసి ఎన్ని తరాలైందో గాని, పెళ్లి పీటల మీద మాత్రం పదిలంగా ఉంది.

బావకు మధ్యాహ్నం ఎప్పుడూ 'మద్యాన్నం' అవుతుంది. బ్రహ్మోత్సవాలను మైకులో 'బ్రమ్హోత్సవాలు' అంటారు. రాతలో హ ముందు, మ వెనక. నోట్లో మ ముందు పరుగెత్తుతుంది. బ్రిడ్జిని 'బిర్జి' చేసేదీ ఆ తొందరే.

కప్పు అంచు మీద గోరు

మిల్లు పెద్దాయన టీ తాగడం అయ్యాక కప్పు పారెయ్యడు. దాని అంచును గోటితో కొంచెం విప్పుతాడు. వేళ్ల మధ్య రుద్దుతాడు. కళ్లు మూసుకుంటాడు. ఆ ఆదివారమూ అంతే చేశాడు.

"ఇది పేపరు కాదు, బోర్డు" అన్నాడు. "చదరపు మీటరుకు రెండొందల గ్రాములు దాటిందంటే మామూలుగా బోర్డు అంటం. ఇన్నేళ్లు పట్టుకున్న. వేలికి తెలుస్తది."

ఐటీసీ సంస్థ 1979లో భద్రాచలం పేపర్ బోర్డ్స్ పేరుతో ఇక్కడ మిల్లు పెట్టింది. మొదటితరం వాళ్ల నోట ఇప్పటికీ అది 'బీపీఎల్'. 2002లో కంపెనీ మాతృసంస్థలో కలిసిపోయినా ఆ మూడక్షరాలు ఊళ్లో మిగిలాయి. ఐటీసీ అంటే ఏమిటని మాస్టారు అడిగాడు. 1910లో పుట్టినప్పుడు ఇంపీరియల్ టొబాకో కంపెనీ. 1970లో ఇండియా టొబాకో కంపెనీ. 1974లో అక్షరాల మధ్య చుక్కలతో ఐ.టి.సి. 2001లో ఆ చుక్కలు కూడా తీసేశారు. ఇప్పుడు అవి దేనికీ పొట్టి రూపం కాదు, ఆ మూడక్షరాలే పూర్తి పేరు. మా బీపీఎల్ కూడా అలాంటిదే.

మిల్లుతో పాటు మాటలూ వచ్చాయి. యూకలిప్టస్ అని ఎవరంటారు ఇక్కడ? జామాయిల్. ఆకు నలిపితే నూనె వాసన వస్తుంది, అది సరే. జామ ఎందుకు? లారీ మిత్రుడు జామచెట్టు బెరడులాగే దీనిదీ ఊడి వస్తుందన్నాడు. చిత్రమేమిటంటే శాస్త్రం లెక్కలోనూ జామ, జామాయిల్ ఒకే కుటుంబం, మిర్టేసీ. ఆస్ట్రేలియా చెట్టుకు ఊరివాళ్లు పెట్టిన పేరు చుట్టరికం కలిపి మరీ పెట్టినట్టుంది. సుబాబుల్ సొంతూరు మెక్సికో వైపు. హిందీలో మంచి తుమ్మ అని అర్థం వచ్చేలా పెట్టిన పేరు అది. మా నోట 'సూబాబులు' అయ్యేసరికి బహువచనమైపోయింది. మిల్లులో కర్ర ఉడికిస్తే వచ్చేది పల్పు. కొత్తగా పనిలో చేరిన పల్లెటూరి కుర్రాడికి అది 'పలుపు'లా వినపడిందట, గేదెను కట్టే తాడు ఇక్కడెందుకని అడిగాడట. లారీలు బరువు తూగే చోటు 'కాంటా'. కాగితం మాట కూడా పర్షియా నుంచి వచ్చిందే. అక్కడ కాగజ్, ఇక్కడ కాగితం, మా అమ్మ నోట కాయితం.

మిల్లు వచ్చాక ఊరి పేరుకూ కొత్త పలుకుబడులు పుట్టాయి. హిందీవాళ్లు మధ్యలో 'ర'ను నొక్కేసి సార్పాకా అంటారు. బెంగాలీలు శారపాకా అంటారు. ఎవరినీ మేం దిద్దం. ఊరు వాళ్లదీ కదా.

ఏరు అంటే నీళ్లు

ఆ పూట అన్నిటికన్నా నన్ను కదిలించిన మాట చివర్లో వచ్చింది.

వానాకాలం కబురు నడుస్తోంది. ఇక్కడి పిల్లలకు ఎక్కాలకన్నా ముందు వచ్చే అంకెలు మూడు: 43, 48, 53. భద్రాచలం దగ్గర గోదావరి అన్ని అడుగులకు చేరితే మొదటి, రెండో, మూడో ప్రమాద హెచ్చరికలు. 1986లో 75.6 అడుగులు, 2022లో 71 దాటింది. ఆ ఏడు సారపాకలోకీ నీళ్లొచ్చాయి. అలాంటప్పుడు మేం 'వరద వచ్చింది' అనం. 'గోదారొచ్చింది' అంటాం. ఏడాది పొడుగునా అక్కడే ఉన్న గోదారి రావడమేమిటని బయటివాళ్లు అడుగుతారు. చిన్నవాగులకూ అంతే, 'ఏరొచ్చింది' అంటాం.

అప్పటిదాకా వింటున్న మాస్టారు నెమ్మదిగా అన్నాడు. "మా కోయ మాటలో ఏరు అంటే నీళ్లు. తాగే నీళ్లు కూడా ఏరే. ఏరొచ్చింది అంటే నీళ్లొచ్చినయని. మీరు వంకరగా అంటున్నారనుకుంటున్నారు గాని, అది సరైన మాటే."

కాసేపు ఎవరం మాట్లాడలేదు. మాస్టారు ఇంకా చెప్పాడు. కోయలో లోను అంటే ఇల్లు. మనం ఇంట్లోకి పోయేటప్పుడు అనే 'లోన' గుర్తుకొచ్చింది నాకు. నారు అంటే ఊరు. మన పలనాడు, వేంగినాడులో ఉన్న 'నాడు' దానికి చుట్టం. కోయ, తెలుగు ఒకే ద్రావిడ కుటుంబంలో దగ్గరి తోబుట్టువులని భాషావేత్తలు చెబుతారు. 1870ల్లో దుమ్ముగూడెంలో ఉన్న జాన్ కెయిన్ అనే మిషనరీ కోయల గురించి ఇండియన్ యాంటిక్వరీ పత్రికలో వ్యాసాలు రాశాడు. వాటిలో భద్రాచలాన్ని రెండు 'ల'లతో భద్రాచల్లం అని రాశాడు. విన్నది విన్నట్టు రాసుకునే దొరకు ఆపాటి కష్టం తప్పలేదు.

"చిన్నప్పుడు బడిలో నేను నోరు తెరిస్తే నవ్వేవాళ్లు" అన్నాడు మాస్టారు. "ఒక సారు నన్ను నిలబెట్టి ఒక మాట పదిసార్లు అనిపించిండు. పదిసార్లూ నవ్విండ్రు. ఆ ఏడు మొత్తం క్లాసులో మాట్లాడలె. ఇప్పుడు నా క్లాసులో పిల్లలు ఎట్లా పలికినా నేను ముందు ఆ మాటను బోర్డు మీద రాస్త. పక్కన పుస్తకంలో మాట రాస్త. రెండూ ఉంచుత."

బావ లేచి మాస్టారి భుజం మీద చెయ్యి వేశాడు. లారీ మిత్రుడు ఇంకో విడత టీ చెప్పాడు. "ఏరు కాస్త ఎక్కువ పోసి పెట్టు తమ్మీ" అని. టీ కొట్టు కుర్రాడికి అర్థం కాలేదు. మాస్టారికి అర్థమై, ఆ పూట మొదటిసారి గట్టిగా నవ్వాడు.

రాతలో ఉన్నది మారడానికి ఒక ఉత్తర్వు చాలు. నోట్లో ఉన్నది పోవడానికి ఒక తరం చాలు. ఇప్పుడు పిల్లలు ఊరి పేర్లను పెద్దల దగ్గర కన్నా ముందు ఫోన్లో వింటున్నారు. ఆ ఫోను మా ఊరిని ఒక్కోసారి 'సరపక' అంటోంది.

అందుకే పాఠకులకు ఒక మనవి. ఈ ఆదివారం మీ ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్ల పక్కన కాసేపు కూర్చోండి. మీ ఊరి పేరు, పక్క ఊళ్ల పేర్లు, వాగుల పేర్లు, చెట్ల పేర్లు ఒకసారి పలకమనండి. మధ్యలో దిద్దకండి, నవ్వకండి. ఎట్లా పలికితే అట్లా రాసుకోండి, ఫోన్లో రికార్డు చేసుకోండి. చెప్పినవాళ్ల పేరు, వయసు, ఏ గట్టు వాళ్లో పక్కన రాసి, తేదీ వేసి దాచండి.